డ్రైవరుగారు రోడ్డు దాటిన రోజు

మా ఆయన బస్సు డ్రైవరు. మొన్ననే రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఒక్క యాక్సిడెంటు లేకుండా గడిపిన మనిషి, పరాయి దేశంలో కాలుపెట్టిన పూటే బస్సు కింద పడబోయారు. నవ్వకండి. అప్పుడు నేనూ నవ్వలేదు.

ఆ దేశంలో బళ్ళన్నీ రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. ఆ సంగతి ఈయనే నాకు విమానంలో పాఠం చెప్పినట్టు చెప్పారు. తీరా దిగాక, మన దగ్గర పక్క సీటు ఉండే వైపు ట్యాక్సీ తలుపు తీస్తే అక్కడ స్టీరింగు ఉంది. ట్యాక్సీ అతను నవ్వాడు. ఇన్నేళ్ళ అలవాటు బాబూ అని ఈయన అతనికి తెలుగులోనే సంజాయిషీ ఇచ్చుకున్నారు.

హోటలు గదిలో సామాను పడేసి, ముఖాలు కడుక్కుని బయటపడ్డాం. రోడ్డుకి అవతల కొండంత మ్యూజియం. దాని మీద నాకంత మోజేం లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయన బస్సు ఎన్నిసార్లు ఎక్కినా ఆడవాళ్ళ సీట్లో నేను, స్టీరింగు ముందు ఆయన. నాకు కనిపించింది ఆయన వీపే. ఒక్కసారి పక్కపక్కన నడుస్తూ ఒక ఊరు చూడాలి, అదీ నా కోరిక. ఇంత బతుకు బతికి నేను అడిగింది అదొక్కటే.

రోడ్డు అంచున ఈయన కుడివైపు చూశారు. ఖాళీ. నిమ్మళంగా అడుగేశారు. ఎడమవైపు నుంచి బస్సు వచ్చింది. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. బొత్తాం ఎగిరిపోయింది. బ్రేకు చప్పుడుకి వీధి వీధంతా ఆగి చూసింది. ఆ డ్రైవరు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత తలెత్తి బస్సు పోనిచ్చాడు.

మా ఆయన గదికి తిరిగొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నారు. నన్ను ఒక్కదాన్నే వెళ్ళి చూసి రమ్మన్నారు. తిరుగు విమానం దాకా తాను గది దాటరట. నాకు ఒళ్ళు మండింది. సముద్రాలు దాటి వచ్చింది గోడ చూడ్డానికా అని దులిపేశాను. దెబ్బ తగల్లేదు కదా, గండం గడిచింది కదా అని బతిమాలాను కూడా. ఆ గోడకి చెప్పినా ఒకటే, ఈయనకి చెప్పినా ఒకటే.

చివరికి నోరు విప్పారు. "నా సంగతి కాదే. ఆ డ్రైవరుకి ఇవాళ అన్నం దిగదు."

నా కోపం చప్పున చల్లారిపోయింది. ఎప్పుడో ఈయన బస్సుకి ఒక ముసలాయన అడ్డొచ్చి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ రోజు ఈయన కలిపిన ముద్ద కంచంలో అలాగే వదిలేసి లేచిపోయారు. కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడిచాడని ఆ ముసలాయన్ని నెలల తరబడి తిట్టుకున్నారు. ఇప్పుడా తిట్టు తిరిగొచ్చి తనకే తగిలింది.

ఓదార్చడం నాకు చేతకాదు. గాజులకున్న పిన్నీసు తీసి, బొత్తాం ఊడినచోట పెట్టాను.

"ఇన్నేళ్ళూ మీరు ఎటు తిప్పితే అటు వచ్చాను," అన్నాను. "ఈ పూట నా పక్కన నడవండి. రోడ్డు నేను చూస్తాను."

లేచి చెప్పులేసుకున్నారు.

మళ్ళీ అదే రోడ్డు, అదే అంచు. ఆయన అడుగు ముందుకు పడలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ భయంగానే ఉంది. బళ్ళొచ్చే వైపు నేను నిలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా వీధిలో ఇలా పట్టుకుంటే ఈ వయసులో ఇదేం పోయేకాలం అనేవాళ్ళు. ఎడమవైపు చూశాను, కుడివైపు చూశాను, మళ్ళీ ఎడమవైపు చూశాను. పక్కకి చూస్తే ఈయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. రోడ్డు మీద ఏనాడూ రెప్ప వాల్చని మనిషి.

"రైట్ రైట్, పోనీ," అన్నాను కండక్టరులా.

ఆ కేక వినగానే ఆయన కాలు దానంతటదే కదిలింది.

దాటాం. ఫుట్‌పాత్ ఎక్కాక ఇక వదిలేస్తారులే అని నేనే వేళ్ళు సడలించాను. ఆయన వదల్లేదు. ఎదురుగా మ్యూజియం, తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. దాన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూశారు.

"ఈ పక్కన చూడ్డానికేం ఉన్నట్టు లేదే," అన్నారు. "మళ్ళీ అవతలికి దాటుదామా?"