బట్టీ గుడిసెలకు ఓటు

కుళాయి కింద బిందె నిండింది. పొడుగక్క ఒంగి ఎత్తుకోబోయేలోగా నీళ్ళు వదిలేవాడు వచ్చి కాలితో తన్నాడు. నీళ్ళు బురదలో కలిశాయి. బిందె దొర్లుకుంటూ పోయి మురుగుకాలవ గట్టుకు తగిలి ఆగింది. వరసలో ఉన్న ఊరి ఆడవాళ్ళు చూశారు. ఒకామె ముఖం తిప్పుకుంది. మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా చెయ్యలేదు.

"ఏమయ్యా, ఏం చేశామని?"

"ఇది ఊరివాళ్ళ కుళాయి. బట్టీవాళ్ళది కాదు."

"ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళోనే కదయ్యా చస్తున్నాం?"

"ఓటుందా? లేదు. ఓటు లేనోళ్ళు ఊరివాళ్ళెట్లా అవుతారు? పంచాయతీ తీర్మానం చేసింది. ఏడిస్తే పోయి మీ ఓనరు దగ్గర ఏడవండి."

ఇటుక బట్టీ ఓనరే పంచాయతీ అధ్యక్షుడు. వచ్చే ఎన్నికల్లో మళ్ళీ నిలబడుతున్నదీ ఆయనే. ఇంక ఎవరి దగ్గర ఏడవాలి?

ఖాళీ బిందెతో గుడిసెకొచ్చింది పొడుగక్క. చిన్నకూతురు చాప మీద ముడుచుకుని ఉంది. మట్టి తవ్విన గుంటలో నిలిచిన నీళ్ళు తాగి తాగి ఆ పిల్లకు విరేచనాలు ఆగడం లేదు. ఎముకలు తేలిన డొక్క కేసి చూసి, మళ్ళీ ఆ గుంట నీళ్ళే వడకట్టి కాచింది.

అక్కడివాళ్ళ ఇళ్ళ సంగతి చెప్పాలి. పచ్చి ఇటుకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రేకు పరిచి, అందులో కాపురం చేస్తారు. సున్నం లేదు, సిమెంటు లేదు. పని చివరికొచ్చి ఆఖరి బట్టీ పేర్చేటప్పుడు ఆ గోడలు విప్పి వాటినీ బట్టీకెక్కిస్తారు. ఇల్లు కాలి, ఎర్రబడి, లారీ ఎక్కి ఎవరి మేడలోకో పోతుంది. వానలన్నాళ్ళూ మనుషులు అక్కడే టార్పాలిన్ పట్టాల కింద పడుంటారు, మట్టి తోలుకుంటూ. ఎండ కాయగానే మళ్ళీ గోడలు లేస్తాయి.

ఓటర్ల జాబితా రాసేవాళ్ళు ఎప్పుడొచ్చినా వానల్లోనే వస్తారు. ఇళ్ళు కనబడవు. చేతులూపుకుంటూ పోతారు. వానల్లోనే ఎందుకొస్తారని ఎవరూ అడగలేదు.

ఈసారి అడిగేవాడొచ్చాడు. కార్మిక సంఘం నుంచి ఒకాయన పాత సైకిలు తొక్కుకుంటూ వచ్చి, సాయంత్రం మట్టిగుంట పక్కన అందర్నీ కూచోబెట్టాడు. ఆయన్ని సైకిలాయన అనేవాళ్ళు.

"ఆరు నెలలు ఒకచోట బతికితే అక్కడ ఓటు మీది. సొంత ఇల్లుండాలని రూల్లో ఎక్కడా లేదు. అర్జీ పెడదాం. ఆఫీసరు విచారణకొస్తాడు. ఆ పొద్దున మీరు గుడిసెల్లో కనబడాలి. అంతే."

"అంతేనా?" అన్నాడు అగ్గితాత. బట్టీకి మంట వేసీ వేసీ కనుబొమలు కాలిపోయిన ముసలాయన. "అంత సులువైంది ఎవడైనా మనకిస్తాడా? మన వేలిముద్రలు తీసుకుపోయి రేపు ఏ స్టేషన్లో పెడతావో!"

"నేనెందుకు పెడతాను తాతా?"

"ఓనరు కూడా మొదట్లో ఇట్లాగే నవ్వుతూ మాట్లాడాడులే."

అందరూ నవ్వారు. సైకిలాయన కూడా నవ్వాడు. కానీ ఎవరూ వేలు ముందుకు చాపలేదు. పొడుగక్క లేచింది. "నాకు నీ మీదా నమ్మకం లేదు, ఓనరు మీదా లేదు. కానీ ఓనరు మన ఓటంటే భయపడుతున్నాడు. అది మాత్రం నమ్ముతాను," అని మొదటి ముద్ర తను వేసింది. తర్వాత ఒకరి వెనక ఒకరు వేశారు.

బట్టీలో పని చేయించే మేస్త్రీ దూరంగా నిలబడి చూస్తున్నాడు. మేస్త్రీ అంటే పరాయివాడు కాదు, పొడుగక్క సొంత తమ్ముడు. ఒకప్పుడు ఆమెతో పాటు ఇటుక అచ్చు పట్టినవాడే.

విచారణ రోజు ఎవరూ పనిలోకి దిగలేదు. తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని గుమ్మాల్లో కూచున్నారు. పొద్దెక్కింది. ఆఫీసరు రాలేదు. పడమట కాస్త మబ్బు పట్టింది.

"వానా! వానొస్తోంది!" ఇటుక ఆరబెట్టే కళ్ళంలోంచి మేస్త్రీ కేక.

ఇటుక కోసేవాళ్ళకు ఆ కేక వింటే కాళ్ళు ఆగవు. కళ్ళం నిండా నిన్నా మొన్నా కోసిన పచ్చి ఇటుక. చినుకు పడితే బురదే. ఎందుకు కూచున్నారో మరిచిపోయి మగా ఆడా ముసలీ ముతకా అంతా పరిగెత్తారు. పట్టాలు లాగారు, గడ్డి కప్పారు, అంచుల మీద రాళ్ళు పెట్టారు. చినుకు రాలలేదు. గాలికి మబ్బు అవతలికి పోయింది. రొప్పుతూ తిరిగొచ్చేసరికి గుడిసెల ముందు బూట్ల గుర్తులున్నాయి. కదల్లేని పొడుగక్క కూతురు లోపల్నుంచి అంది: "ఎవరో పిలిచారమ్మా. నేను పలికేలోగా పోయారు."

సైకిలాయన ఆఫీసుకెళ్ళి కనుక్కొచ్చాడు. 'గుడిసెలు ఖాళీ. నివాసం లేదు' అని రాశారట.

ఆ సాయంత్రం మట్టిగుంట పక్కన కూచున్నవాళ్ళెవరూ పక్కవాళ్ళ కళ్ళలోకి చూడలేదు.

"ఎవడో కబురు మోశాడు."

"మోసేదేముంది, మన కాళ్ళే మనల్ని మోసుకుపోయాయి."

"ఆఫీసరు సరిగ్గా అప్పుడే ఎట్లా వచ్చాడు? పొద్దుట్నుంచీ ఎక్కడున్నాడు?"

"బట్టీ ఆఫీసులో టీ తాగుతున్నాడంట."

అందరి చూపులూ మెల్లగా పొడుగక్క మీదికి తిరిగాయి. మేస్త్రీ అక్క కదా. ఒకామె అననే అంది: "ఇక్కడ మాట్లాడింది అక్కడికి చేరడానికి ఒకే ఇల్లు దూరం."

పొడుగక్క భర్త కోపంగా లేవబోతే ఆమె చెయ్యి పట్టి కూచోబెట్టింది. పొద్దున చూసింది ఒకటి ఆమె గుండెలో గుచ్చుకునే ఉంది. చెబితే తమ్ముడు పోతాడు. చెప్పకపోతే ఈ గుంపు పోతుంది. గుంపు పోతే గుంటనీళ్ళు తాగి పిల్ల పోతుంది.

"మేస్త్రీని పిలవండి," అంది.

వచ్చాడు. "ఏంటక్కా, పంచాయితీ పెట్టావా?"

"వానొస్తే నువ్వు ముందు ఏం కప్పుతావురా?"

"ఇదేం ప్రశ్న?"

"ఊక కప్పుతావు. ఊక తడిస్తే బట్టీ మండదు, ఓనరు నీ తోలు తీస్తాడు. ఇన్నేళ్ళలో ఊక కప్పాకే మాకు కేక వేశావు. ఇవాళ ఊక గుట్ట బోసిగా ఉంది. కళ్ళారా చూశాను. వాన రాదని నీకు తెలుసు."

"మబ్బు పట్టిన మాట అబద్ధమా? మబ్బు నేను తెచ్చానా?"

"మబ్బు నువ్వు తేలేదు. కేక నీదే."

వాడు అగ్గితాత కేసి చూశాడు, బావ కేసి చూశాడు. ఎవరూ ఒక్క మాట సాయం రాలేదు. "ఓనరు చెప్పాడు," అన్నాడు చివరికి. "చెయ్యకపోతే మేస్త్రీగిరీ పోతుందన్నాడు. నాకూ పిల్లలున్నారక్కా."

"నాకున్నది పిల్ల కాదా?"

వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు. పొడుగక్క ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"ఆఖరి బట్టీకి గోడలు విప్పమంటారు," అంది. "విప్పొద్దు. వానల్లో వచ్చినా ఎండల్లో వచ్చినా ఇళ్ళు కనబడాలి."

"ఇటుకలు ఓనరువి కదే!" అన్నారెవరో.

"కోసిందెవరు?" అన్నాడు అగ్గితాత. "ఇన్నాళ్ళూ నా ఇంటికి నేనే నిప్పు పెట్టుకున్నాను. ఈసారి పెట్టను. బట్టీ చల్లగానే ఉంటుంది, చూస్తాను ఎవడు వెలిగిస్తాడో."

ఆఖరి బట్టీ వెలగలేదు. ఓనరు మొదట బుజ్జగించాడు, తర్వాత బూతులు తిట్టాడు, చివరికి పోలీసు జీపు తెచ్చాడు. ఇటుకల దొంగతనమట. అన్ని గుడిసెల ముందూ జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"వీళ్ళకి నాయకురాలెవరు?" అన్నాడు పోలీసాఫీసరు. ఓనరు పొడుగక్కను చూపించాడు. ఆమే ముందుకొచ్చింది. హెడ్డు కానిస్టేబులు జీపు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని పేరు రాసుకున్నాడు.

"నివాసం?"

ఆమె పలకలేదు. పోలీసాఫీసరుకు చిరాకేసింది. "ఎదురుగా కనబడుతుంటే అడుగుతావేంటి? బట్టీ గుడిసెలు, ఈ ఊరే. రాయి."

హెడ్డు రాశాడు.

"అయ్యా, రాసింది ఒకసారి పైకి చదవండి," అంది పొడుగక్క.

"ఎందుకు?"

"దొంగతనం ఎవరి మీద రాశారో తెలియొద్దా?"

హెడ్డు చదివాడు. నివాసం, బట్టీ గుడిసెలు, ఈ ఊరు. జనంలో ఉన్న సైకిలాయన తలెత్తాడు. ఓనరు ముఖం మాడిపోయింది. "అది కొట్టెయ్యండి సార్," అన్నాడు.

"కొట్టెయ్యడమేంటి, చిరునామా లేకుండా ఎట్లా పట్టుకుపోతాం?" అన్నాడు ఆఫీసరు.

జనంలో కదలిక వచ్చింది. అగ్గితాత కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఆ ఇటుకలు నేనూ దొంగిలించాను. రాసుకోండి. నాదీ ఈ ఊరే." వెనకే పొడుగక్క భర్త, ఆ వెనక ఆ రోజు ఆమెను అనుమానించినామె. జీపు చుట్టూ వరస పెరిగింది. చివర మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"రారా," అంది పొడుగక్క. "కానీ వెనక కాదు. అందరికంటే ముందు నిలబడు. నీ వీపు మాకు కనబడుతూ ఉండాలి."

వాడు ముందుకొచ్చాడు.

"ఇంతమందినా? ఇప్పుడు కుదరదు, రేపు రండి," అంటూ ఆఫీసరు జీపెక్కబోయాడు. జనం జీపు ముందు కూచున్నారు.

"రేపైతే ఇక్కడెవరూ లేరంటారు," అంది పొడుగక్క. "ఇప్పుడే రాయండి. అందరివీ రాయండి."