జనం ఆగినన్నాళ్లు

నేను ఒక సెల్ టవర్‌ను. తొమ్మిదేళ్లు బండమీదిపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర నిలబడ్డాను.

నన్ను అక్కడికి తెచ్చింది జనం నడకే. కంపెనీ ఇంజనీరు వేణుమాధవ్ మూడు రోజులు ఆ రోడ్డు పక్కన కూర్చుని, బస్సులు ఎక్కడ ఆగుతున్నాయో, పత్తి మిల్లు కూలీలు ఏ దారిన వచ్చి పోతున్నారో చూసుకున్నాడు. కూర్చున్నది ఈదమ్మ టీ హోటల్లో. హోటలు వెనక జాగా ఆమెదే. నా కోసం అడిగితే ఇచ్చింది.

"ఎన్నేండ్లుంటది సారూ ఇది?" అని అడిగింది.

"జనం ఇక్కడ ఆగినన్నాళ్లు ఉంటదమ్మా."

ఈదమ్మ నవ్వింది. ఆ కూడలిలో జనం ఆగని రోజు వస్తుందని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

మిల్లు వైపు ఒక యాంటెన్నా, బస్టాపు వైపు ఒకటి పెట్టారు. శుక్రవారం అంగడికి జనం పెరిగితే అటు మరొకటి బిగించారు. మనుషులు ఎటు నడిస్తే నా ముఖాలు అటు తిరిగాయి. వాళ్ల పెళ్లి మాటలు, పంచాయితీలు, చావు కబుర్లు అన్నీ మోశాను. ఏ గంటకు ఎన్ని ఫోన్లు నా పరిధిలోకి వచ్చాయో లెక్క కంపెనీకి పంపడం కూడా నా పనే. ఒక్కనాడూ తప్పు చెప్పలేదు.

ఎనిమిదో ఏట నాలుగు కిలోమీటర్ల అవతల బైపాస్ పడింది. బస్సులు అటు మళ్లాయి. మిల్లు వ్యాను కూలీలను అక్కడే ఎక్కించుకోసాగింది. ఇన్నేళ్లు నా కింద నిలబడి గంటలకొద్దీ మాట్లాడినవాళ్లలో ఒక్కరూ మళ్లీ ఇటు తిరిగి చూడలేదు. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు పంపాను. నాలుగు వందలు. తొంభై. పదకొండు.

వేణుమాధవ్ మళ్లీ వచ్చాడు. ఈదమ్మ టీ ఇచ్చి ఎదురుగా నిలబడింది.

"యాంటెన్నాలు బైపాస్ కాడికి తీస్కపోతున్నమమ్మా. ఇక్కడ జనం లేరు."

"లేరని ఎవరు చెప్పిన్రు?"

"టవరే చెప్పింది."

ఆమె తలెత్తి నా వంక చూసింది. "నా జాగల నిలబడి నా మీదనే చెప్పిందా" అంది మెల్లగా.

యాంటెన్నాలు దింపిన నెలకు, ఒక మధ్యాహ్నం, పక్కనే పంక్చర్లు వేసే జంగయ్యను పాము కరిచింది. ఈదమ్మ ఫోను పట్టుకుని అలవాటు కొద్దీ నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. నా కింది సిమెంటు దిమ్మె ఎక్కింది. చెయ్యి పైకెత్తి చూసింది. బైపాస్ సిగ్నలు అక్కడిదాకా అందదు, మాట ఎటూ పోలేదు. ఎప్పటికో ఒక ట్రాక్టరు దొరికితే అతన్ని ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లింది. జంగయ్య బతికాడు. కుడికాలు మాత్రం మోకాలి దాకా తీసేశారు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన మర్నాడు ఆమె వచ్చి చాలాసేపు నా దిమ్మె మీద కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత నన్ను కోసి పాత ఇనుము దుకాణానికి తెచ్చారు. ఇక్కడ వర్షానికి తుప్పు పడుతూ ఒకటే ఆలోచిస్తున్నాను. పదకొండు అని పంపాను. ఆ పదకొండు మందిలో ఈదమ్మ ఉంది, జంగయ్య ఉన్నాడు. పోవడానికి వాళ్లకు వేరే చోటు లేదు. ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.