పావురం పాఠం

ఆ ఆఫీసులో జనార్దన్‌కు వచ్చినంత ఉర్దూ ఎవరికీ రాదు. అతను రాసిన ముసాయిదాలో పై అధికారులు ఒక్క మాట కొట్టేసేవారు కారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా పన్నెండేళ్లు బడిలో చదివింది ఉర్దూ. హైదరాబాదులో ఆ తరం చదువులన్నీ అంతే. ఈలోగా రాష్ట్రం మారి, బడి చదువులు తెలుగులోకి వచ్చాయి. కూతురు అహల్య నాంపల్లిలో తెలుగు బడిలో చేరింది. నిన్నటిదాకా విద్వాంసుడనిపించుకున్న మనిషి రాత్రికి రాత్రి అక్షరం ముక్క రానివాడవుతాడని ఎవరనుకున్నారు? "మా నాయిన మస్తు చదువుకున్నడు" అని ఆ పిల్ల వాడకట్టంతా చెప్పుకునేది. ఆమె కళ్లలో ఆ గొప్ప చెడకుండా ఉంటే చాలని జనార్దన్ ఆశ.

కమలకుమారి టీచరు రాకపోతే అది నెగ్గేదే. ఆవిడ మంచిదే, చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది. పిల్లల చదువు తల్లిదండ్రులకూ పట్టాలి అంటుందావిడ. రోజూ సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్లు పాఠం చదవాలట, పిల్లలు విని పలక మీద రాసి మర్నాడు బడికి తేవాలట. తల్లి విద్యావతికి విద్య ఉన్నది పేరులోనే. ఇక మిగిలింది జనార్దన్.

ఏం చేస్తాడు పాపం! కోఠిలో పాత పుస్తకాల దగ్గర అదే వాచకం ఇంకోటి కొని ఆఫీసు సొరుగులో దాచాడు. పొద్దున బడికి పోతూ అహల్య, "నాయినా, ఇయ్యాల కాకి పాఠం" అని చెప్పిపోయేది. గన్‌ఫౌండ్రీ ఆఫీసులో టిఫిన్ వేళ పక్క సీటు శ్రీరామమూర్తి ఆ పాఠం చదివితే జనార్దన్ వల్లె వేసేవాడు.

"అక్షరాలే నేర్చుకోరాదుటండీ?" అన్నాడొకసారి శ్రీరామమూర్తి.

నేర్చుకోబోయాడు కూడా. గుణింతాల దగ్గరకొచ్చేసరికి తల తిరిగింది. తను నేర్చుకునేదాకా పాఠాలు ఆగవు గదా. సాయంత్రం పుస్తకం ముందు పెట్టుకుని, వరసల మీద కళ్లు తిప్పుతూ చదువుతున్నట్టే చెప్పేవాడు. పక్కన పలకతో కూతురు. రోజు మొత్తంలో అతనికి బతికినట్టుండేది ఆ కాసేపే.

ఒక సాయంత్రం "పావురం సాధువైన పక్షి" అని మొదలుపెట్టాడు. అహల్య బలపం ఆగింది. తెరిచిన పేజీలో ఉన్నది కోయిల పాఠం. ఆ వాచకంలో బొమ్మలన్నీ ఒకటే మసి. కోయిలేదో పావురమేదో అచ్చువేసినవాడికైనా తెలుసో లేదో. అహల్య పుస్తకాన్నీ తండ్రినీ చూసి, తల వంచుకుని పావురం గురించే రాసింది.

మర్నాడు తరగతిలో అందరి పలకల మీదా కోయిల, ఆమె పలక మీద పావురం. ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం లేదని టీచరు జనార్దన్‌ను పిలిపించింది.

"పాఠం మీరే చదివారా అండీ?"

అతను నోరు విప్పేలోపే అహల్య అందుకుంది. "నేనే వేరే పేజీ తీసిచ్చిన, టీచర్. నాయిన చూసే చదివిండు."

రెప్ప వాల్చకుండా చెప్పింది. అశ్రద్ధకు శిక్షగా టీచరు ఆమెను గోడవైపు నిలబెట్టింది. జనార్దన్ తల వంచుకుని బయటికి వచ్చేశాడు. తానంత పిరికివాడని అతనికే తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

బడి విడిచేదాకా గేటు దగ్గరే కూర్చున్నాడు. స్టేషన్ దాటాక కూతురి చెయ్యి పట్టుకుని అన్నాడు.

"బిడ్డా, నాకు తెలుగు చదవరాదు."

"నాకు ఎర్కనే, నాయినా."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది. గందుకే రోజు పొద్దుగాల ఏ పాఠమో చెప్తుంటి. నిన్న బడిలకు పోయినంక టీచర్ పాఠం మార్చింది. నీకు చెప్పనీకి రాలే."

తండ్రి పరువు మోసే వయసా అది? ఇన్నాళ్లూ తను ఆ పిల్లకు నేర్పింది అబద్ధం ఒక్కటే.

ఇంటికి పోకుండా నేరుగా పక్క వాటాలో వరలక్ష్మి గుమ్మం ముందుకు తీసుకెళ్లాడు. ఏలూరు నుంచి వచ్చిన ఆవిడ ఎనిమిదో తరగతి దాకా చదివింది, తెలుగులో.

"రేపటి సంది బిడ్డకు పాఠం జర మీరు చెప్పాలమ్మా."

"దానికేం భాగ్యం, అన్నయ్యగారూ, పంపండి." ఆవిడ అహల్య గడ్డం పట్టుకుని మేలమాడింది. "ఏం అమ్మలూ, మీ నాన్నగారు చదువుకోలేదా ఏమిటి?"

అహల్య నవ్వలేదు. ఏం చెప్పమంటావన్నట్టు తండ్రి మొహంలోకి చూసింది. ఆ చూపు అతను భరించలేకపోయాడు. తన కోసం ఆ పిల్ల ఇంకొక్క అబద్ధం ఆడకూడదు.

"నిజం చెప్పు, బిడ్డా."

"చదువుకోలే, అత్తమ్మా" అంది అహల్య.

వరలక్ష్మి నొచ్చుకుని జనార్దన్ వైపు చూసింది.

"ఔనమ్మా" అన్నాడతను.