క్వీనీ కళ్ల పొర

మా ఊరు మెకీ బోర్‌లో పొద్దున్నే అందరిళ్లల్లో టీ నీళ్లు మరుగుతాయి. డెల్మా ఇంట్లో మాత్రం ముందు ఎలుకలు కరుగుతాయి. ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ డబ్బాకీ బఠాణీల సంచికీ మధ్య గడ్డకట్టి ఉన్న ఎలుకల్ని ఆవిడ మొగుడు నెవ్ బయటికి తీసి, సరిగ్గా ఆవిడ టీ కప్పుల పక్కనే, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో వేస్తాడు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో డెల్మా ఆ గిన్నెను ఎన్నిసార్లు బయటికి విసిరిందో లెక్కలేదు. విసిరినప్పుడల్లా అతను ఇంకా పెద్ద గిన్నె కొనుక్కొచ్చేవాడు.

నెవ్ వోమా కొండచిలువల్ని పెంచి, వాటి పిల్లల్ని అమ్ముతాడు. కాస్త తీరిక దొరికితే జీపేసుకుని సింప్సన్ ఎడారిలోకి పోయి, అక్కడ తిరిగే వోమా ఒక్కటైనా కంటపడకపోతుందా అని వెతుకుతాడు. పడదు. కనబడేది వేలెడంత బల్లి. అతను ఊళ్లోకి వచ్చేసరికి అది మొసలైపోతుంది. అయినా ఈ విద్యలో నా ముందు అతనెంత? ఇసుక మీద గీత చూసి, ఆ పాము ముందురోజు ఏం తిన్నదో, తిన్నది అరిగిందో లేదో చెప్పినవాణ్ణి నేను. ఓసారి మనిషంత ఉడుము తోక పట్టుకుంటే, అది నన్ను దిబ్బలన్నీ దాటించి మా గుమ్మంలో దింపింది. టీ తాగించి పంపాను. కానీ ఈ కథ నాది కాదు, నా పక్కింటివాళ్లది.

పాము చర్మం విడిచే ముందు దాని కళ్లు పాలు పోసినట్టు తెల్లబడతాయి. మా ఊళ్లో దాన్ని పెంచేవాళ్ల కళ్లూ అప్పుడే తెల్లబడతాయి. అది పొర విడిచేదాకా వాళ్లకేమీ కనబడదు. కొట్టావిడ చిల్లర నెవ్ అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసి, "ఈసారి ఏ పాము, క్వీనీయేనా?" అంటుంది. గదినిండా పాములు, అన్నీ తలో వారం విడుస్తాయి. దాంతో నెవ్ ఏడాదిలో సగం కుర్చీలకు గుద్దుకుంటూనే తిరుగుతాడు. వోమా మీద కాలేసి నిలబడి వోమా కోసం వెతికి ఉంటాడని నా అనుమానం.

డెల్మాకి ఉన్న కోరిక ఒకటే, సముద్రం చూడాలి. చెల్లెలు తీరంలోనే ఉంటుంది. బయల్దేరుదామనుకున్న ప్రతిసారీ గుడ్లు పగలడమో, నెవ్ కళ్లు తెల్లబడటమో జరుగుతుంది. ఈసారి గురువారం బస్సుకి ఒక్కదాన్నే పోతానని చెప్పేసి, పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టుకుంది. ఆ ఇంట్లో ఉండి కూడా ఆవిడ పాముల్ని ఎన్నడూ ముట్టుకోలేదు. ఎందుకంటే ఎవరి చేత్తో పాము పొర ఊడితే ఆ పాము వాళ్లదైపోతుంది, ఆపైన తెల్లబడేది వాళ్ల కళ్లే.

ఆ వారం మొదట్లో క్వీనీ ఎలుకను ముట్టలేదు. ఒంటి మీద చారలు మసకేశాయి. ఇప్పుడు ఎడారికి పోవద్దని డెల్మా చెప్పింది. ఆ ఎడారిలో తను కళ్లు మూసుకుని తిరగగలనన్నాడు నెవ్, అని పోయాడు.

గురువారం పొద్దున వంటింట్లో, జీపుతో మాట్లాడే రేడియో పలికింది. నేను అక్కడే టీ తాగుతున్నాను.

"డెల్, క్వీనీ విడిచిందా?"

"నిన్ననే విడిచింది."

"మరి నాకెందుకు కనబడట్లేదు?"

డెల్మా వెళ్లి క్వీనీ గూటి అద్దంలోంచి చూసింది. చర్మం విప్పి పారేసిన మేజోడులా ఓ మూల పడి ఉంది. క్వీనీ కళ్ల మీది పొరలు మాత్రం పొడిగాలికి అంటుకుపోయి అలాగే ఉన్నాయి. నీళ్లున్నాయా అని అడిగితే రాత్రే అయిపోయాయన్నాడు. ఎక్కడున్నావంటే ఎర్ర దిబ్బ పక్కన అన్నాడు.

"అక్కడ ఎర్రగా లేని దిబ్బ ఒకటి చూపించు, నెవ్."

"పెద్ద దిబ్బ, డెల్. దేశం మొత్తం మీద పెద్దది."

చావు ముందు కూర్చుని కూడా కొలతలు పెంచుతున్నాడే అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఆ గుర్తుతో వెతకడానికి విమానం పంపినా దండగే. ఎండకి అప్పటికే పైకప్పు రేకులు టకటకలాడుతున్నాయి. ఆ పొరలు నేనే తీసేవాణ్ణి, ఊదితే ఊడొస్తాయి నాకు. కానీ ఆ రోజు నడుం పట్టేసింది. డెల్మా నావైపు చూసిన చూపు సంగతి ఇక్కడ వదిలేద్దాం.

వీధిలో బస్సు హారన్ కొట్టింది. ఆవిడ ఓసారి పెట్టె వైపు చూసింది. తర్వాత ఆ ఎలుకల గిన్నెలోనే గోరువెచ్చని నీళ్లు పోసి, తువ్వాలు తడిపి, క్వీనీని అందులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. మొగుణ్ణి తిట్టాల్సినవన్నీ దాన్ని తిడుతూ, తడి వేలికొనతో కంటి అంచు నిమిరింది. నిమరగా నిమరగా పొర చేప పొలుసులా వేలికి అంటుకొచ్చింది.

"డెల్, కాకి కనబడుతోంది. ఒక కంటికే."

"నోర్మూసుకో. రెండోది తీస్తున్నా."

బస్సు వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి నెవ్ ఇల్లు చేరాడు. నక్షత్రాల్ని బట్టి దారి పట్టుకున్నాడట, పట్టపగలు. డెల్మా అతనికి ముందు నీళ్లు తాగించి, తర్వాత తిట్టింది.

క్వీనీ గుడ్లు పెట్టి, పిల్లలు బయటపడి, ఎండలు తగ్గాక, నెవ్ తనే ఆవిణ్ణి సముద్రానికి తీసుకెళ్లాడు. క్వీనీ ఇప్పుడు ఆవిడది కదా, దిండు గలేబులో వెనక సీట్లో పడుకుంది. ఇసుక దిబ్బలు దాటారు, గోధుమ చేలు దాటారు. చివరి మలుపు తిరుగుతుంటే డెల్మా కళ్లు తెల్లబడ్డాయి.

ఇన్ని రోజులుండగా దీనికి ఇవాళే కావాలా అని ఆవిడ తీరం చేరేదాకా గలేబుని తిడుతూనే ఉందట. అక్కడ చెప్పులు విప్పేసి, చీలమండల దాకా నీళ్లలో నిలబడి, అతని చెయ్యి పట్టుకుంది.

"ఎలా ఉందో చెప్పు, నెవ్. ఉన్నదే చెప్పు."

నెవ్ చాలాసేపు చూశాడట.

"బూడిదరంగుగా ఉంది, డెల్. అక్కడక్కడా ఆకుపచ్చగా. అలలు పెద్దవేం కాదు, మోకాలి దాకా వస్తాయేమో. ఓ పక్షి ఉంది, ఒంటికాలి మీద నిలబడింది."

"అంతేనా?"

"అంతే. అవతలి ఒడ్డు మాత్రం కనబడట్లేదు."

ఆవిడ అతని చెయ్యి వదల్లేదట.

ఇదంతా నెవ్ నాకు చెప్పిందే. అతను చెప్పినవాటిలో నేను నమ్మింది ఇదొక్కటే. నేనే గనక ఆవిడ పక్కన నిలబడి ఉంటే, ఆ సముద్రంలో కనీసం ఓ తిమింగలాన్నైనా పెట్టేవాణ్ణి.