కదిలిన చుక్క

పదకొండో అద్దం తుడుస్తున్నాడు అద్దాల బాబాయ్. పల్చటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రెండు బొట్లు స్పిరిట్ వేసి, అద్దం మీద ఒకే వైపుకి ఒక్కసారే లాగాలి. రెండోసారి లాగితే మొదటిసారి తీసిన దుమ్మే గీత పెడుతుంది. ఆ లేజర్ గదిలో ముప్పై నాలుగేళ్లుగా ఆయన పని ఇదే. ఆయనకన్నా మూడేళ్లు పెద్దవాడైన డైరెక్టరు కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు. ఇవాళ సాయంత్రం ఐదింటికి పదవీ విరమణ. ఆ సంగతి అద్దాలకి తెలియదు కనుక దుమ్ము ఎప్పటిలాగే పట్టింది.

గది మధ్యలోని నల్లటి బల్ల ముందు ఒక పరిశోధక విద్యార్థిని నాలుగేళ్లుగా తపస్సు చేస్తోంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతుండే నికెల్ గుళికలు పరిచిన గాజుబిళ్ల ఆమెది. ఎర్రటి లేజర్ కాంతి తాకితే దాని మీంచి రవ్వంత నీలికాంతి పుడుతుంది. పక్కనున్న అయస్కాంతం దిశ మారిస్తే ఆ నీలికాంతి హెచ్చాలి, తగ్గాలి. అవునో కాదో తేల్చడమే ఆమె చదువంతా.

"వచ్చేసింది బాబాయ్!" పొద్దుటి నుంచి ఆమె కాళ్లు నేల మీద నిలవడం లేదు. "మాగ్నెట్ ఆన్ చేస్తే వందకి ఇరవై పెరుగుతోంది. సాయంత్రం పేపర్ పంపించేద్దామన్నారు సార్."

"చల్లగా ఉండమ్మా," అంటూ తలెత్తినవాడు అలాగే ఆగిపోయాడు. బిళ్ల మీద పడి తిరిగొచ్చిన ఎర్ర చుక్క గోడకున్న అట్టముక్క మీద కనబడుతోంది. ఆమె అయస్కాంతం మీట నొక్కగానే అది బియ్యపుగింజంత పక్కకి జరిగింది. మీట తీయగానే మళ్లీ తన చోటికి వచ్చింది. నీలికాంతి పెరగడం కాదు, బిళ్లే కదిలి ఆ కాంతి మీటరు మీద ఎక్కువగా పడుతోంది.

ఇరవై ఏళ్ల కిందట ఒక విద్యార్థి పనిలో ఇలాంటి పొరపాటే ఆయన కంటబడితే, పెద్ద చదువుల వాళ్ల మధ్య మనకెందుకులే అని నోరు మూసుకున్నాడు. రెండేళ్లకి అది బయటపడింది. ఆ విద్యార్థి చదువు మానేసి పోతూ, ఏమీ తెలియక, ఈయనకే చేతులు జోడించి వెళ్లాడు. ఆ నమస్కారం ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. భార్యకి చెప్పుకుంటే, "మళ్లీ అలాంటిది కనబడితే నోరు తెరవండి, చాలు," అంది.

"అమ్మా, గోడమీద చుక్క చూస్తూ మీట నొక్కు."

నొక్కింది. మళ్లీ నొక్కింది. ఆమె ముఖాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు.

"బిళ్ల పట్టుకున్న ఆ స్క్రూ ఎక్కడిది?"

"పాతది ఎక్కడో పడిపోయింది బాబాయ్. డబ్బాలో దొరికింది పెట్టాను."

"అది ఇనుము తల్లీ. మాగ్నెట్ పిలిస్తే వెళ్లకుండా ఉంటుందా?"

ఆమె నవ్వలేదు. స్టూలు మీద కూలబడి, "సార్‌కి ఏం చెప్పను?" అంది.

"ముందు చూద్దాం. చెప్పేది తర్వాత."

వర్క్‌షాపులో లేతు మీద ఇత్తడి కడ్డీ బిగించి, కళ్లద్దాలు ముక్కు కొసకి జార్చి పని మొదలుపెట్టాడు. ఇత్తడి రజను ముంజేతుల మీద మెరిసింది. వీడ్కోలు సభకి పిలవడానికి గుమాస్తా వస్తే, "నేను లేకపోతే పొగడటం మీకూ సులువు, కానివ్వండి," అన్నాడు.

నాలుగింటికి కొత్త స్క్రూ బిగించారు. చుక్క గోడకి మేకు కొట్టినట్టు నిలిచింది. అయస్కాంతం దిశ ఒకవైపు పెడితే మీటరు వెయ్యి చూపించింది. తిరగేస్తే తొమ్మిది వందల డెబ్భై. ఇరవైసార్లు తిరగేసినా కాస్త అటూ ఇటూగా అంతే.

"వందకి మూడే బాబాయ్."

"మూడైనా నీది. ఆ ఇరవై స్క్రూది."

ఈసారి ఆమె పకపకా నవ్వి, కళ్లు తుడుచుకుని, ప్రొఫెసరుకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. "తిరగేసిన ప్రతిసారీ మారుతోందా? అయితే అసలు పేపరు ఇదే. నెల పట్టినా పట్టనీ," అన్నాడాయన.

ఆమె అంకెల్లో మునిగి తలెత్తేసరికి ఐదున్నర. బాబాయ్ లేడు. తాళంచెవులు గుమాస్తాకి అప్పగించి, మరెవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. గేటు దాటేటప్పుడు ఈల వేసుకుంటున్నాడని కాపలాదారు చెప్పాడు.

అయస్కాంతం పక్కన ఒక సీసా మూత ఉంది. అందులో, అచ్చుగుద్దినట్టు మొదటిదానిలాగే, రెండో ఇత్తడి స్క్రూ.