మమ్మీ పిల్లి కునుకు

అక్క ఇంట్లో ఏ పని పడినా రేడియో మావయ్యనే పిలుస్తారు. కుళాయి కారినా, పాలు పొంగినా, బావగారి కళ్లజోడు కనిపించకపోయినా అతనే రావాలి. నలభై దాటినా అక్క మాట జవదాటి ఎరగడు. ఆ ఇంటి కింద గదిలో పాత రేడియోలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. అక్క పిల్లలు పెట్టిన పేరే వాడకట్టంతటా స్థిరపడింది.

ఇప్పుడా గది బావకి కారు పెట్టుకోవడానికి కావలసొచ్చింది. అందుకని మావయ్యని తన అన్నగారి ఇటుకల బట్టీకి కాపలాగా పంపేద్దామని తీర్మానించాడు. అన్నగారితో సాయంత్రం రైలుకే ప్రయాణం. మావయ్య తలూపాడు గానీ అన్నం మాత్రం సయించలేదు.

ఈలోగా ఈజిప్టు ప్రదర్శన చూడాలని పిల్లలు గోల పెడితే మధ్యాహ్నం అందరూ మ్యూజియానికి వెళ్లారు. సంచులన్నీ మావయ్య భుజానే. పూసల హారాలూ, కంచు అద్దాలూ, రంగు వెలిసిన శవపేటికలూ చూసేసరికి కాళ్లు పీకేసి, మమ్మీ పిల్లి ఉన్న అద్దాల పెట్టె ఎదుట చిన్న బల్ల మీద కూలబడ్డాడు. పక్కనే డ్రైవింగ్ నేర్పే ఆవిడెవరో చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటోంది.

పిల్లి నిద్ర లేచింది. పెట్టె మూత తలతో తోసుకుని, ఒంటికి చుట్టిన నారబట్టతోనే దిగొచ్చి, తల ఆవిడ ఒళ్లో, తోక మావయ్య ఒళ్లో పెట్టుకుని మళ్లీ పడుకుంది.

కాపలాదారు వచ్చి మెల్లిగా చెప్పాడు. "కదలకండి సార్. ఉలిక్కిపడితే చుట్లు ఊడిపోతాయి. దానంతట అదే లేవాలి."

"ఎప్పుడు లేస్తుంది?" అంది ఆవిడ.

"దాని ఇష్టమమ్మా. మొన్న ఒక ప్లీడరుగారు ఇక్కడే భోంచేశారు."

రైలు వేళయింది. అక్క వచ్చి లెమ్మంది. పిల్లిని చూసి గొంతు తగ్గించి, మళ్లీ లెమ్మంది. స్టేషన్ దాకా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లొచ్చా అని బావ కాపలాదారుని అడిగి కుదరదనిపించుకున్నాడు. బిస్కెట్ చూపించి ఆశపెట్టాడు. వేల ఏళ్లుగా పస్తున్న పిల్లి దాన్ని వాసన కూడా చూడలేదు. అన్నగారు ఫోన్లో చెడామడా తిట్టి ఒక్కడే రైలెక్కాడు. సంచులు తలా ఒకటీ మోసుకుంటూ అక్కావాళ్లు ఇంటికి పోయారు.

"ఇటుకల బట్టీ పని మీకిష్టమేనా?" అంది ఇదంతా విన్న ఆవిడ.

మావయ్య ఒళ్లో ఉన్న తోక మెల్లిగా సర్దాడు. "లేదండీ."

"మరి ఇంట్లో చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండీ."

ఆవిడకి నవ్వొచ్చింది. పిల్లి ఒక కన్ను తెరిచేసరికి ఆపుకుంది. కాసేపయ్యాక పిల్లి వీపు నిమురుతూ, తన ఇంట్లోనే నడిపే డ్రైవింగ్ స్కూల్లో ముందు గది ఖాళీగా ఉందని చెప్పింది. "పొద్దుటి నుంచీ బ్రేకు, బ్రేకు అని అరిచి వస్తానా, ఇంట్లో పలకరించే గొంతుండదు. మీ రేడియోలు తెచ్చి అక్కడ పెట్టుకోండి."

మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. రేపే తెస్తానన్నాడు.

పిల్లి లేచింది. ఒళ్లు విరుచుకుని, ఆవలించి, తన పెట్టెలోకి తను వెళ్లిపోయింది. వీళ్లిద్దరూ లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి తూలారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని మెట్లు దిగారు.

గేటు దగ్గరికొచ్చేసరికి తిమ్మిరి పోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.