పటం చివర ఏడాదిన్నర

పటాల బావ పేరెత్తితే మైక్రానుకి ఒళ్లు మండాలి. మండటం లేదు. మండితే కాస్త బాగుండేదని వాళ్లావిడ కూడా అంటుంది.

"చివరి పేజీలో రాశాను కదరా" అంటాడు బావ. ఎప్పుడు కదిపినా అదే పాట. రాశాడు, కాదని ఎవరన్నారు? ఆవగింజంత అక్షరాలతో, కాగితం అడుగున, పేజీ అంకె పక్కన నక్కి కూర్చునేలా రాశాడు. ముప్పై నాలుగు పేజీల నిండా రంగురంగుల బొమ్మలు పరిచి, అసలు మాట ఆ మూలకి తోశాడు. ఇప్పుడు ముంచిన ఇంటికే వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, టీలో పంచదార తగ్గిందంటాడు.

బావ అంటే అక్క మొగుడు. పెద్ద టెక్నాలజీ కంపెనీలో పందొమ్మిదేళ్లు పేటెంట్ల విభాగంలో చేశాడు. లోకంలో ఎవరు ఏం కనిపెట్టి, ఇది నాది అని హక్కు కోసం దరఖాస్తు పెట్టారో ఆ వివరాలన్నీ పోగేస్తారు అక్కడ. పోగేసి పటం గీస్తారు. ఎక్కువమంది దరఖాస్తులు పెట్టిన చోట గోధుమరంగు గుట్టలు లేస్తాయి. ఎవరూ పెట్టని చోట తెల్లగా ఉంటుంది. ఆ పటం చూసే కంపెనీ పెద్దలు ఏ సరుకులోకి దిగాలి, ఏది మానుకోవాలి, ఎవరిని కొనేయాలి అని తేలుస్తారు. కోట్ల యవ్వారం. బావ ఆ ఉద్యోగం మానేసి, ఇంటి ముందు గదిలో సొంత దుకాణం పెట్టాడు. చిన్నచిన్న కంపెనీలకి పటాలు గీసి అమ్ముతాడు. 'పటాల బావ' అని పేరు పెట్టింది మైక్రాను భార్య. అది అలాగే అతుక్కుపోయింది.

మైక్రాను పేరు కూడా అంతే, ఎవరో పెట్టిందే. ఏడో తరగతిలో బడి మానేసి లేతు మిషను దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు సొంత షెడ్డు, నాలుగు లేతులు. కొలిచే గేజీ పెట్టకముందే బొటనవేలితో తడిమి, "పది మైక్రాన్లు ఎక్కువుంది, తీసెయ్" అంటాడు. గేజీ పెడితే పదే ఉంటుంది, మిల్లీమీటరులో వందో వంతు. వచ్చిన ఇనుము ఎవరు పంపారన్నది అతనికి అనవసరం. సొంత తమ్ముడు పంపినా కొలవకుండా గుమ్మం దాటనివ్వడు. గేజీల బల్ల దగ్గర కూర్చునేది భార్య. ఆవిడ అతనికంటే మొండి.

బ్యాటరీ బళ్లు చేసే కంపెనీ ఒకదానికి మైక్రాను ఏళ్లుగా మామూలు మూతలు చేసి ఇస్తున్నాడు. బ్యాటరీ పెట్టె మీద వేసే మూతలవి. లోపల వేడెక్కితే దానంతటది తెరుచుకుని, చల్లారాక మళ్లీ మూసుకునే మూత ఒకటి చేస్తే ఎలా ఉంటుందని అతనికే తోచింది. వేడికి వంగే లోహపు పట్టీ ఒకటి మూతలోకి బిగించి, నాలుగు నెలలు తిప్పలు పడి ఒకటి చేశాడు. తెరుచుకుంది. మూసుకుంది. ముందుకెళ్లాలా వద్దా అన్నది మాత్రం చదువుకున్నవాళ్లు చెప్పాలనుకున్నాడు.

బావ పటం పట్టుకుని వచ్చిన రోజు గేజీల బల్ల తుడిచి మరీ ఇచ్చారు.

"ఇదిగో బామ్మర్దీ, ఇదంతా బ్యాటరీ" అన్నాడు బావ, గుట్టల మీద చెయ్యి ఆడిస్తూ. "ఇక్కడంతా తొక్కిసలాట. ఇక్కడ చూడు, తెల్లగా. తెరుచుకుని మూసుకునే మూత. నరమానవుడు లేడు."

"ఎవరూ లేరంటే అక్కడ ఏమీ లేదేమో అన్నయ్యా" అంది భార్య. "నా పెట్టెలోనూ ఎవరూ నగలు పెట్టలేదు. ఖాళీగానే ఉంది."

"నీ నోటికి దండం పెట్టాలమ్మా. ఇదిగో, ఇంకో బొమ్మ చూడు." ఏడాదికో కడ్డీ చొప్పున నిలబడ్డ కడ్డీల బొమ్మ అది. మొదట్లో పొట్టి, మధ్యలో పొడుగు, చివర రెండు కడ్డీలు మళ్లీ నేలకి అంటుకుపోయి ఉన్నాయి. "చూశావా, ఎలా పడిపోయిందో? మూతల మీద జనానికి మోజు తగ్గింది. అందరూ వదిలేసి పోతున్నారు. వాళ్లు పోయేటప్పుడు మనం దిగాలి. కంపెనీలో ఇలాంటి చోటు దొరికితే పండగ చేసుకునేవాళ్లం."

"ఎందుకు వదిలేసి పోతున్నారు?" అంది ఆవిడ.

"ఓపిక లేక."

మైక్రాను ఏమీ అడగలేదు. అన్నీ వేలితో తడిమే మనిషి, ఆ కాగితం మీద కూడా వేలు పెట్టాడు. నున్నగా ఉంది. అచ్చులో ఉన్నదాన్ని అతను చిన్నప్పటినుంచీ కొలవలేదు. ఇనుము అబద్ధం చెబుతుందని అతనికి తెలుసు. కాగితాన్ని అనుమానించే చదువు తనకి లేదనుకున్నాడు. ఇంటివాడని బావ సగం ఫీజే తీసుకున్నాడు, ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు కూడా.

తర్వాత పనులు చకచకా జరిగాయి. మూతలు పోసే అచ్చులు చేయించాలి. ఆరు అచ్చులు. చేతిలో అంత లేదు. పక్క షెడ్డులో ఇనప సామానుకి రంగు కొట్టే ఆయన చాలాకాలంగా చోటు చాలక అవస్థ పడుతున్నాడు. మైక్రాను డబ్బు తీసుకుని తన షెడ్డులో తూర్పు సగం ఆయనకి రాసిచ్చాడు. రంగులాయన మంచివాడు. "పదిహేను నెలల్లోపు నా డబ్బు నాకిచ్చెయ్, నీ సగం నీకు తిరిగి రాసిస్తాను. అప్పటిదాకా మధ్యలో గోడ కట్టను. మాటంటే మాటే" అన్నాడు. రెండు లేతులు తూర్పు నుంచి పడమటికి జరిగాయి. మధ్యలో నేలమీద సుద్దముక్కతో ఒక గీత గీశారు. పన్నెండు గజాల గీత.

బళ్ల కంపెనీ నమూనాలు అడిగింది. ఇచ్చాడు. వేడి చేసి చూశారు, తడిపి చూశారు, ఎత్తు నుంచి పడేసి చూశారు. మూత దేనికీ లొంగలేదు. నలభై వేల మూతలకి ఆర్డరు సిద్ధమైంది. పదమూడు నెలలు ఇట్టే గడిచాయి. మొదటి నెలలోనే మైక్రాను తన మూతకి పేటెంటు దరఖాస్తు కూడా పెట్టి ఉన్నాడు. రంగులాయన డబ్బు ఆ ఆర్డరు తొలి బయానాతోనే తీరిపోతుంది. భార్య సుద్దగీతని రోజూ ఊడుస్తూ, "ఇంకెన్నాళ్లులే" అనేది.

ఆర్డరు చేతికి ఇచ్చేముందు బళ్ల కంపెనీలో ఒక లాయరమ్మ చూడాలన్నారు. వేరేవాళ్ల హక్కు ఏదీ అడ్డం లేదని ఆవిడ సంతకం పెట్టాలట. మైక్రాను ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. ఆవిడ వయసులో చిన్నది, మాట మెత్తన. ఒక కాగితం అతని వైపు తిప్పింది. అందులో బొమ్మ ఉంది. పట్టీ, మూత, మడత, అన్నీ. మైక్రాను మొదట తన బొమ్మే అనుకున్నాడు.

"ఇది మీది కాదండీ" అంది ఆవిడ. "ఇంకో కంపెనీది. ఆరు వారాల కిందట బయటికొచ్చింది."

"నేను అంతకుముందే పెట్టానమ్మా."

"వాళ్లు మీకంటే ముందు పెట్టారు. ఏడు నెలలు ముందు. పెట్టిన రోజే జనానికి చూపించరండీ. పద్దెనిమిది నెలలు లోపల పెట్టి తాళం వేస్తారు. ఆ తర్వాతే అందరికీ కనిపిస్తుంది. అందుకే మీ పటంలో రాలేదు." నమూనాలతో పాటు మైక్రాను ఇచ్చిన పటం కాగితాలు కూడా ఆవిడ ముందే ఉన్నాయి. కడ్డీల బొమ్మలో పొట్టివి రెండూ పెన్నుతో తట్టింది. "వీటిని చూసి మోజు తగ్గిందన్నారా ఎవరైనా?"

"అన్నారు."

"ఎప్పుడు గీసినా చివర అలా పడిపోయే ఉంటుందండీ. ఏ సరుకుకైనా. తగ్గి కాదు, ఇంకా కనపడక."

బల్లకి వేసిన అద్దం అంచు ఒకచోట చిట్లి ఉంది. మైక్రాను దాని మీద బొటనవేలు ఆనించాడు. అర మిల్లీమీటరు ఉంటుంది.

"వాళ్లకి హక్కు వచ్చేసినట్టేనా?"

"ఇంకా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు, మూడేళ్లు పట్టొచ్చు. కానీ రేపు కోర్టుకి పిలిచే మూత మా వాళ్లు నలభై వేలు కొనరండీ. మీకూ ఇక హక్కు రాదు. ఏమీ అనుకోకండి. మూత మాత్రం చాలా బాగుంది."

ఏమీ అనుకోలేదు. నిజంగానే. చెప్పులేసుకుని, మెట్లు దిగి, రోడ్డు దాటి, రావలసిన బస్సే ఎక్కాడు. టికెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. వేలు తెగిందని ఇంటికొచ్చాక భార్య చెబితేగానీ తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే బావ ఇంటికి వెళ్లాడు. అక్క కూరగాయలు తరుగుతోంది.

"ఏంట్రా ముఖం అలా ఉంది, మరదలు అన్నం పెట్టట్లేదా?"

"పెడుతోందక్కా." ముందు గదిలోకి వెళ్లి, "బావా, ఆ పటమే ఇవాళ మళ్లీ గియ్యి" అన్నాడు.

"ఇప్పుడెందుకురా?"

"గియ్యి."

గంటలో కంప్యూటరు కాగితాలు కక్కింది. మైక్రాను పాత కడ్డీల బొమ్మ తీసి, కొత్తదాని మీద పెట్టి, రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించాడు. ఎండకి రెండూ కనిపించాయి. జేబులోంచి స్టీలు స్కేలు తీశాడు. ఇనుముకి పెట్టే స్కేలు. పాత బొమ్మలో చివరి ఏడాది కడ్డీ నాలుగు మిల్లీమీటర్లు. కొత్త బొమ్మలో అదే ఏడాది కడ్డీ ముప్పై ఒకటి. కొత్తదాంట్లో దాని తర్వాతి ఏడాదిది మళ్లీ నేలకి అంటుకుని ఉంది. కొత్త గుట్టల పటంలో తెల్లటి చోటు లేదు. దాని నిండా గోధుమరంగు.

"చూడు" అన్నాడు.

బావ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తీసి, తుడిచి, మళ్లీ చూశాడు. మైక్రాను అతని ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. దొంగ దొరికినప్పటి ముఖం కోసం వెతికాడు. అది కనిపిస్తే ఏం చేయాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. కనిపించలేదు. తప్పు లెక్క చేసి మాస్టారి ముందు నిలబడ్డ పిల్లాడి ముఖం కనిపించింది.

"పెరిగిందే..." అన్నాడు బావ.

"నీకు తెలీదా?"

"చివరి పేజీలో రాశాను కదరా."

"రాశావు. ఏం రాశావో చదువు."

బావ పాత కాగితం తిప్పి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. "చివరి పద్దెనిమిది నెలల వివరాలు అసంపూర్ణం." చదివి, ఆ మాట మొదటిసారి విన్నట్టు ఆగిపోయాడు.

"పందొమ్మిదేళ్లు ఏం చేశావు బావా అక్కడ?"

"గీశాను." గొంతు తగ్గింది. "గీసేవాణ్నిరా. రంగులు అవీ సరిచేసి పైకి పంపేవాణ్ని. చదివేది పైవాళ్లు. మీటింగుకి మమ్మల్ని పిలిచేవారు కాదు. ఆ వాక్యం కంపెనీ కాగితాల మీద ముందునుంచీ ఉండేది. నేను తీసెయ్యలేదు, అంతే."

గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చేతిలో సగం తరిగిన ఆకుకూరతో. "ఏమైందిరా? ఏమైంది చెప్పండి ఎవరైనా" అంది.

ఇక్కడ అరవాలి. కుర్చీ విసరాలి, ఇంకోసారి గడప తొక్కనని అనాలి. మైక్రాను తనలో వెతుక్కున్నాడు. కరెంటు పోయాక మిషను మీట నొక్కినట్టుంది. మీట కదులుతోంది, ఏదీ తిరగటం లేదు. "కొత్తది నాకొక కాపీ ఇవ్వు" అన్నాడు. బావ ఇచ్చాడు. డబ్బులు వద్దన్నాడు.

భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ ఆ రెండు బొమ్మలూ చాలాసేపు చూసింది. "ఎందుకు వదిలేసి పోతున్నారని అడిగాను నేను" అంది. "పోతున్నారో లేదో అడగలేదు."

బయటి అప్పుకి తిరిగారు, ఆరు అచ్చులూ అమ్మచూపారు. వేరెవరికీ పనికిరాని అచ్చులు, తూకానికి పోయాయి. గడువు రోజు రంగులాయన వచ్చి సుద్దగీత అవతలే నిలబడ్డాడు. ఇవతలికి అడుగు వేయలేదు.

"ఇంకో రెండు నెలలు కావాలంటే చూస్తాను" అన్నాడు.

"రెండు నెలల్లో ఏం వస్తుంది?"

"అయితే గోడ కట్టించుకోనా?"

"కట్టించుకో."

మేస్త్రీ ఆ మర్నాడే వచ్చాడు. దారం కట్టాడు, ఇటుకలు పేర్చాడు. మైక్రాను ఇవతల లేతు మీద మామూలు మూతలు తిప్పుతూనే ఉన్నాడు. అరగంటకోసారి తలెత్తి చూశాడు. నడుం ఎత్తు లేచేసరికే తెలిసిపోయింది. గోడ గుమ్మం వైపు గీత మీదే ఉంది, పోనుపోను గీత దాటి ఇటువైపు జరుగుతోంది. దారం కట్టిన మేకు కదిలింది. భార్య కూడా చూసింది.

"మేస్త్రీతో చెప్పవేం? నీ కంటికి కనపడటంలేదా?"

"కనపడుతోంది."

"మరి చెప్పు."

మిషను ఆపలేదు. సాయంత్రం బావ వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు. కొత్త గోడ వైపు చూడకుండా టీ తాగాడు. పంచదార తగ్గిందన్నాడు. భార్య పంచదార డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. ఇంకో బేరం వచ్చిందట, మోటార్ల వాళ్లది. ఇప్పుడు ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో మొదటి పేజీలోనే వేస్తున్నానని చెప్పాడు. మైక్రాను మంచిదన్నాడు.

బావ వెళ్లాక స్టీలు టేపు తీసి గోడ వెంబడి నడిచాడు. పన్నెండు గజాల గోడ, ఆ చివర మూడంగుళాలు లోపలికి వచ్చింది. అంటే మొత్తం మీద అర చదరపు గజం. దస్తావేజులో రాసింది నూట నలభై ఆరు. మొత్తం పోయింది నూట నలభై ఆరున్నర చదరపు గజాలు.